తొట్టికి వేసిన మాటు

మా అమ్మ కౌసల్య ఎన్నడూ నా ఫ్యాక్టరీ గేటు దాకా రాలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫస్టు షిఫ్టు ముగించుకుని బయటికి వచ్చేసరికి, కాజీపల్లి రోడ్డు మీద టీ కొట్టు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మా వాళ్ళలో ఎవరో పోయారనుకున్నాను.

"ఎవరికేమైందమ్మా?"

"తొట్టి పలిగింది బిడ్డా. సార్ వాళ్ళ తొట్టి."

సార్ అంటే నరసరాజు గారు, మా ప్లాంటు మేనేజరు. భీమవరం వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నారు. అమ్మ ఆరేళ్ళుగా ఆ ఇంట్లో పని చేస్తోంది. బీఎస్సీ పాసయ్యాక నన్ను ట్రైనీగా తీసుకున్నది ఆయనే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. ఆ నెలాఖరుకు ట్రైనింగు పూర్తవుతుంది. పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే.

వాళ్ళందరూ పెళ్ళికని ఊరెళ్ళి వారమైంది. తాళాలు అమ్మకిచ్చారు. సోమవారం పొద్దున వస్తారు.

"ఎట్ల పలిగింది?"

మా ఊరు చిట్కుల్‌లో ఫ్యాక్టరీల మందులు దిగి బోరు నీళ్ళు పచ్చగా వస్తాయి. వాటితో బట్టలు ఉతికితే ఆ వాసన వదలదు. సార్ వాళ్ళింట్లో నల్లాకు మంజీర నది నీళ్ళు వస్తాయి. ఇల్లు ఖాళీగా ఉంది కదా అని అమ్మ మా బొంతలు రెండు మోసుకెళ్ళి, స్నానాల తొట్టిలో నానబెట్టి, లోపలికి దిగి తొక్కింది. మా దగ్గర బొంతలు ఎవరైనా అట్లాగే ఉతుకుతారు. కానీ మేము తొక్కేది బండ మీద. అది ఫైబరు తొట్టి, అడుగున బోలు.

"నాలుగు సార్లు తొక్కిన్నో లేదో, టప్పుమన్నది. నా కాలిరిగిందనుకున్న. కాలిరిగినా బాగుండు."

ఆ తొట్టిని నరసరాజు గారు తల్లి నాగరత్నం గారి కోసం పెట్టించారు. మోకాళ్ళ నొప్పులకు రోజూ వేడినీళ్ళలో అరగంట కూర్చోమని డాక్టరు చెప్పాడట. డెబ్బై దాటిన మనిషి, బరువైన మనిషి. ఒకరు పట్టుకుంటే తప్ప అందులోకి దిగలేరు. పట్టుకునేది అమ్మే.

వెళ్ళి చూశాను. అడుగున జానెడున్నర పగులు. బొటనవేలితో నొక్కితే కిందికి దిగుతోంది. అంచు తగిలి వేలు తెగింది.

"చెప్పేద్దామమ్మా."

"చెప్తె? నన్ను ఎల్లగొడితె ఎల్లగొట్టనీ, ఇంకో ఇల్లు సూసుకుంట. నీ కాగితం సంగతేంది?"

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నా భయానికి అమ్మే ఒక సాకు ఇచ్చింది, తీసుకున్నాను.

మా ప్లాంటులో ఫైబరు ట్యాంకులు పగిలితే మాటు వేసే మనిషి యాదన్న. శనివారం అతని దగ్గరికి వెళ్ళి, మా ఇంట్లో నీళ్ళ తొట్టి పగిలిందని అబద్ధం చెప్పాను.

"బీఎస్సీ సదివి తొట్లకు మాట్లేస్తవా తమ్మి? మా నౌకరీలు గూడ గుంజుకుంటవా ఏంది?" అని నవ్వాడు.

నా టిఫిన్ గిన్నెలో సగానికి జిగురులాంటి రెజిన్ పోశాడు. గాజు నూలు గుడ్డ ముక్క పేపరులో చుట్టి ఇచ్చాడు. గట్టిపడటానికి కలిపే మందు టానిక్ సీసాలో పోసి, నా చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"గిది ఒక్క మూత. అంతే. ఎక్కువైతె పొగలొస్తయి, అంటుకుంటది. కండ్లల్ల పడ్డదా, కన్ను పోతది. సమజైందా?"

గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా టిఫిన్ పట్టుకుని ముక్కు చిట్లించాడు. "ఏం కూర సార్? పాసిపోయినట్టుంది."

"అవునన్నా, తినబుద్ధి కాలే" అన్నాను. సైకిలెక్కి వెనక్కి చూడకుండా తొక్కాను. ఫ్యాక్టరీ వస్తువు బయటికి తీసుకెళ్ళిన వాళ్ళను ఏం చేస్తారో నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళాం. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా తుడిచాను. రెజిన్‌లో సగం ప్లాస్టిక్ మగ్గులో పోసి ఒక మూత మందు కలిపాను. మగ్గులో ఏ మార్పూ కనపడలేదు. అమ్మ ముందు గది కిటికీ దగ్గర కాపలా నిలబడి నిమిషానికోసారి అరుస్తోంది.

"అయిందా? కారు ఆగినట్టుంది, జెర జల్దీ కానియ్యి!"

"వాళ్ళు వచ్చేది రేపమ్మా."

"ముందుగాల వస్తె?"

పాళ్ళు పెంచితే చర్య వేగంగా జరుగుతుందని మూడేళ్ళు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంకో రెండు మూతలు పోశాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో మగ్గు చెయ్యి పట్టలేనంతగా కాలింది. లోపల ముద్ద బుసబుసమంటూ పొగలు కక్కింది. మగ్గు మెత్తబడి పక్కకు వాలిపోతోంది. తువ్వాలుతో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తి మట్టిలో విసిరేశాను. కళ్ళు మండి ఏమీ కనిపించలేదు. కన్ను పోతుందన్న మాట గుర్తొచ్చి, నల్లా కింద తల పెట్టి అట్లాగే ఉండిపోయాను.

"ఇల్లు అంటుకుంటదా నర్సిమ్మ? చెప్పు, ఇల్లు అంటుకుంటదా?" అని అమ్మ నా వీపు పట్టుకుని ఊపుతోంది.

ఇల్లు అంటుకోలేదు. కానీ సగం రెజిన్ పోయింది. మిగిలినదానితో గుడ్డ ఒక్క పొరే తడిసింది. సాయంత్రానికి అది గట్టిపడింది. పైన తెల్ల రంగు పూసి, రెండు బకెట్ల నీళ్ళు పోసి, తొట్టి కింద పొడి గుడ్డ పరిచి గంటసేపు చూశాం. గుడ్డ పొడిగానే ఉంది.

"సదువు అక్కరకొచ్చింది కొడకా" అంది అమ్మ. నేను ఆ గుడ్డను ఇంకోసారి తడిమి చూశాను.

సోమవారం నరసరాజు గారు ఇంట్లో సామాను దింపి తొమ్మిదికల్లా క్యాబిన్‌కు వచ్చేశారు. ఆయన మొహం మామూలుగానే ఉంది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడే యాదన్న ఎదురొచ్చాడు.

"తొట్టి ఆగిందా తమ్మి? ఎన్ని పొరలేసినవ్?"

"ఒకటి."

"ఒకటేనా? సల్లనీళ్ళకైతె నడుస్తది. ఏడినీళ్ళు పొయ్యకు, మెత్తవడి ఊడొస్తది. పిల్లలు గిట్ల అండ్ల దిగకుండ సూసుకో. కాలు దిగవడ్డదంటె ఆ అంచులు కత్తులే, పిక్క కోసుకపోతది."

గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. నాగరత్నం గారి స్నానం తొమ్మిదిన్నరకు. సైకిల్ మీద ఎంత తొక్కినా ముప్పావు గంట. బయటికి కలిసే ఫోను నరసరాజు గారి బల్ల మీద ఒక్కటే ఉంది.

ఆ క్యాబిన్ నాకు యాభై అడుగుల దూరం. సగం నడిచి ఆగాను. నిజం చెప్పాలి, నాలుగడుగులు వెనక్కి కూడా వేశాను. అప్పుడు గుర్తొచ్చింది, నాగరత్నం గారు తొట్టిలోకి దిగేటప్పుడు పక్కన అమ్మే ఉంటుంది, పడితే అమ్మ చేతుల్లోనే పడుతుంది. తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళాను.

"సర్, మీ ఇంటికి ఫోన్ చెయ్యండి. పెద్దమ్మగారిని తొట్టిలో దిగొద్దని చెప్పండి."

"ఏంటి?"

"అడుగు పగిలింది సర్. మా అమ్మ బొంతలు తొక్కింది. నేను మాటు వేశాను. అది ఆగదు. వేడినీళ్ళకు ఆగదు సర్!"

ఆయన వెంటనే ఫోను అందుకున్నారు. నంబరు తిప్పారు. రింగు పోతున్న శబ్దం నాకూ వినపడుతోంది. ఆరు. ఏడు. ఎనిమిది. ఆయన రెండో చెయ్యి బల్ల అంచును పట్టుకుంది.

"పద్మా, అమ్మ ఎక్కడ?" అని, తర్వాత చాలాసేపు విన్నారు. "పడలేదు కదా? సరిగ్గా చెప్పు, పడలేదు కదా?"

ఫోను పెట్టేశారు.

"మీ అమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుని వదలట్లేదంట. బాత్‌రూమ్ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఏడుస్తోందంట. ఎందుకో మా ఆవిడకి అర్థం కావట్లేదు."

ఆయన కుర్చీ నాకేసి తిప్పుకున్నారు.

"రెజిన్ ఎక్కడిది?"

"మన ప్లాంటుదే సర్. నేనే తీసుకున్నాను."

"నువ్వొక్కడివేనా?"

"ఒక్కణ్ణే సర్."

"మా అమ్మ అందులో కాలు పెట్టుంటే నిన్నేం చేసేవాణ్ణో నాకే తెలీదు. వెళ్ళు. మీ అమ్మని ఇంటికి తీసుకుపో. రేపు ఎనిమిదింటికి వచ్చి నన్ను కలువు."

డ్యూటీకా, లెక్క తేల్చడానికా అని అడిగే ధైర్యం చాలలేదు.

నేను వెళ్ళేసరికి అమ్మ వాళ్ళ గేటు బయట మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. లోపలినుంచి నాగరత్నం గారి గొంతు వినిపిస్తోంది. "పద్మా, అది పొద్దున్నించీ ఏమీ తినలేదే. రెండు ఇడ్లీలు పెట్టి పంపు." పద్మావతి గారి జవాబు వినపడలేదు.

"తొట్టి నిండ ఏడినీళ్ళు నేనే పోసిన" అంది అమ్మ నన్ను చూడకుండా. "కారలే బిడ్డా. ఒక్క సుక్క కారలే."

"మరి ఎందుకు ఆపినవ్?"

"నా భుజం మీద చెయ్యేసి కాలు ఎత్తింది. 'గట్టిగా పట్టుకోవే' అన్నది. పట్టుకున్న. ఇగ ఇడువబుద్ధి కాలే." చెప్పుల దుమ్ము దులుపుతూ అడిగింది. "సార్ ఏమన్నడు?"

"రేపు రమ్మన్నడు."

అమ్మ తల ఊపి, చెప్పులు కింద పెట్టి కాళ్ళకు తొడుక్కోబోయింది. ఒక చెప్పు జారిపోయింది. నేను వంగి తొడిగాను.