రెండో అంతస్తు, పడకల విభాగం

మంచం కాళ్ల వైపు పరిచిన ప్లాస్టిక్ పట్టీని తడిగుడ్డతో తుడుస్తున్నాడు రోలాండ్ బూత్రాయిడ్. బూట్లు విప్పకుండా పడుకుని చూసేవాళ్ల కోసం ఉంటుంది ఆ పట్టీ. విప్పి పక్కన పెట్టి పడుకునేవాళ్లు పూర్వం ఉండేవారు. ఇప్పుడు వచ్చేవాళ్లు పట్టీ వదిలేసి పరుపు మీదే కాళ్లు పెడుతున్నారు. ఊళ్లో వాన, కాళ్లకి బురద. అతను మళ్లీ తుడుస్తున్నాడు.

హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో థ్రెల్బీ దుకాణానికి ఇది ఆఖరు రోజు. గోడలకీ స్తంభాలకీ ఆగిపోయిన ఎస్కలేటరుకీ పసుపుపచ్చ కాగితాలు అంటించారు. అంతా అమ్మేయాలి అని రాసి ఉంది వాటి మీద. అంతా అంటే నిజంగా అంతా. మంచాలు, అద్దాలు, కోట్లు తగిలించే కొయ్యలు, అలంకారపు బొమ్మల చేతులు కూడా. సిబ్బంది గదిలో టీ కాచుకునే కెటిల్‌ను నిన్న ఒకావిడ కొనుక్కుపోయింది. అప్పటికి అందులో నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

థ్రెల్బీల ముత్తాత తోపుడు బండి మీద ఉన్నిగుడ్డ అమ్మేవాడు. ఆ బండి కొట్టయింది, కొట్టు ఈ నాలుగంతస్తుల రాతి మేడ అయింది, మేడకి పిల్లలు పుట్టినట్టు ఉత్తర ఇంగ్లండులో ప్రతి ఊరి పెద్దవీధి మూలమీదా ఒక థ్రెల్బీ లేచింది. పెళ్లికి పింగాణీ, బడికి కోటు, చావుకి నల్ల చేతితొడుగులు, అన్నీ అక్కడే. మనవడికి సర్ బిరుదొచ్చింది. బిరుదొచ్చాక ఆయన దుకాణం గడప తొక్కడం మానేశాడు. ఆయన కొడుకులు మొత్తం వ్యాపారాన్ని లండన్ మనిషొకడికి అమ్ముకున్నారు. వాడు మేడలన్నీ వేరే కంపెనీకి అమ్మేసి, సొంత మేడల్లోనే అద్దెకుండే ఏర్పాటు చేశాడు. వచ్చిన డబ్బుతో రేసుగుర్రాలు కొన్నాడు. ఒక గుర్రానికి థ్రెల్బీ అని పేరు పెట్టాడు. దానికి వెచ్చని పాక వేయించాడు. ఇక్కడ పై అంతస్తులో కప్పు కారితే మాత్రం బకెట్లు పెట్టించాడు. అవీ దుకాణంలో అమ్మే బకెట్లే.

ఇంతమంది ఘనుల కింద రోలాండ్ మంచాలు అమ్ముతూ ముసలివాడయ్యాడు. అతను గొప్ప అమ్మకందారేమీ కాదు. వచ్చినవాళ్లందరితోనూ ఒకటే మాట చెప్పేవాడు. మీ జీవితంలో మూడోవంతు దీని మీదే గడపాలండీ, అనేవాడు. చెప్పి, సాయంత్రం ఇంటికి పోయి, స్ప్రింగు పొడుచుకొచ్చిన పాత పరుపు మీద ఆ మూడోవంతు గడిపేవాడు. సంత బజారులో దుప్పట్లు అరిచి అమ్మేవాళ్లంటే అతనికి చిన్నచూపు. వాళ్లకి టై ఉండదు.

లిఫ్టు పక్కన, గోడవైపు తిప్పి పెట్టిన మంచం ఒకటుంది. మీట నొక్కితే తలవైపు లేచే కరెంటు మంచం. దాని మీట రోలాండ్ కోటు జేబులో ఉంది. తీగతో సహా ఊడదీసి పొద్దున్నే జేబులో వేసుకున్నాడు.

ఆ మంచం అతని అక్క థెల్మాకి కావాలి. ఆమె గుండె బలహీనపడింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. చలికాలం నుంచీ కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది, నిద్రపోతే. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. తల్లి వదిలిపోయిన ఇంట్లోనే ఒకరికొకరు ఉంటున్నారు. ఇన్నాళ్లూ ఆ మంచం ధర రోలాండ్ అందుకోగలిగింది కాదు. ఇప్పుడు అందుతుంది. కానీ దివాలా వ్యవహారం చూడ్డానికి వచ్చిన కంపెనీ ఒక రూలు పెట్టింది. సిబ్బంది ఏం కొనుక్కోవాలన్నా ఆఖరు రోజున, ఆఖరు గిరాకీ బయటికి పోయి తలుపు మూశాకే. అప్పటిదాకా ఆ ఒక్క మంచం ఎవరూ కొనకుండా చూసుకోవాలి. మంచాలు అమ్మడానికి జీతం తీసుకునే మనిషికి ఈ రోజు పని అది.

మధ్యాహ్నం జున్నురొట్టె తిన్నాక ఇంటికి ఫోను చేశాడు.

"తిన్నావా అక్కా?"

"తిన్నాలే. అది అడగడానికే చేశావా, ఆ మంచం గోల ఎత్తడానికా?"

"సాయంత్రానికి మనదైపోతుంది."

"మనదేంట్రా, నీది. నా గుమ్మంలోకి థ్రెల్బీ సామాను రానివ్వనని చెప్పానా లేదా? వాళ్ల గుండీలూ రిబ్బన్లూ అమ్మి నా కళ్లు పోయాయి. ఆ బల్ల ఎత్తేసి ఫోన్ల తొడుగులు పెట్టుకున్నారు. నా చేతిలో కాగితం పూలు పెట్టి పొమ్మన్నారు."

"గుడ్డ పూలక్కా."

"దుమ్ము పట్టినవి. అమ్ముడుపోనివి." మాటకీ మాటకీ మధ్య ఆమె ఊపిరి లాక్కుంటున్న చప్పుడు వినపడింది. "మీట నొక్కితే లేపి కూర్చోబెడుతుందట. నేనేమన్నా కీ ఇచ్చే బొమ్మనా?"

"రాత్రిళ్లు నిద్రపడుతుంది."

"చచ్చాక బోలెడు పడుతుంది. పెట్టెయ్ రోలీ, నాకు పనుంది."

పనేమిటని అతను అడగలేదు. రూలు ప్రకారం ఫోన్ని సిబ్బంది గదిలో తన అరలో పెట్టి తాళం వేసి కిందికి వచ్చాడు.

వచ్చేసరికి ఒక పెద్దమనిషి ఆ కరెంటు మంచం మీద బూట్లతో పడుకుని ఉన్నాడు. భార్య గొడుగు దులుపుతూ చుట్టూ చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"ఎంత బాధగా ఉందో. నా బడి కోటు మా అమ్మ ఇక్కడే కొంది, తెలుసా?"

"ఈ మధ్య ఎప్పుడొచ్చారమ్మా?" అన్నాడు రోలాండ్.

"ఈ మధ్యా? ఇక్కడ కారు పెట్టుకోవడానికి చోటుండదు కదా."

"అన్నీ ఇంటికే తెప్పించుకుంటాం," అన్నాడు భర్త పడుకునే. "ఇంతకీ దీని మీట ఏదయ్యా?"

"పోయిందండీ." జేబులో వేళ్లు మీట చుట్టూ బిగిశాయి.

"పోతే ఇంకొంచెం తగ్గించండి మరి."

తగ్గించడానికే పుట్టిన జాతి అనుకున్నాడు రోలాండ్. బతికుండగా గుమ్మం తొక్కరు. పోతోందనగానే బంధువుల్లా దిగుతారు, కళ్లు తుడుచుకుంటూనే వెండి గరిటెలు లెక్కపెట్టుకుంటారు.

"ఇది వెనక్కొచ్చిన మంచమండీ," అన్నాడు గొంతు తగ్గించి. "తీసుకున్నాయన దీని మీదే పోయాడు. వాళ్లావిడ ఇంట్లో ఉంచుకోలేనంది."

భార్య రెండడుగులు వెనక్కి వేసింది. భర్త మెల్లగా లేచి కూర్చున్నాడు.

"పరుపు మార్చారా?"

"అదే పరుపండీ."

ఇన్నేళ్లుగా రోలాండ్ ఆడిన అబద్ధాలన్నీ మంచాల్ని అమ్మడానికి ఆడినవి. వాటికి నోరు కూడదీసుకోవలసి వచ్చేది. ఇది మాత్రం తేలిగ్గా వచ్చేసింది.

వాళ్లు మెట్లు దిగిపోతుండగా జారెడ్ వచ్చాడు. దివాలా కంపెనీ పంపిన కుర్రమేనేజరు అతను. చీలమండల పైకే ఆగిపోయే ప్యాంటు, మేజోళ్లు లేని బూట్లు. ఈ ఏడాది ఇలాంటి దుకాణాలు చాలా మూసేశాడు. ఏ ఊళ్లో ఉన్నాడో అతనికి సరిగ్గా గుర్తుండదు.

"ఏంటి పెద్దాయనా, కొనేవాళ్లు లేచిపోయారు? హార్టల్‌పూల్ వాళ్లకి మంచాలు అక్కర్లేదా?"

"ఇది హడర్స్‌ఫీల్డ్."

"ఏదో ఒకటిలే." జారెడ్ ఎర్రపెన్ను తీసి కరెంటు మంచం ధర కొట్టేసి సగం చేశాడు. బ్రేకులు విప్పి, మంచాన్ని తోసుకుపోయి మెట్ల మొదట్లో, పైకి వచ్చేవాళ్ల కంటికి మొదట తగిలేచోట నిలబెట్టాడు.

ఇక రోలాండ్‌కి ఊపిరి సలపలేదు. ఒకావిడకి మోటారు రొద చేస్తుందన్నాడు. ఇంకొకాయనకి కరెంటు బిల్లు సంగతి చెప్పాడు. ఎవరూ కొనకుండా పోయిన ప్రతిసారీ జారెడ్ వచ్చి ఇంకొంత కొట్టేశాడు. ధర తగ్గినకొద్దీ మనుషులు పెరిగారు. చెడగొట్టడంలో కూడా అతను గొప్పవాడు కాదు.

చీకటి పడబోతుండగా డెస్మండ్ హర్స్ట్ వచ్చాడు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఇళ్లన్నీ ముక్కలు ముక్కలు చేసి విద్యార్థులకి అద్దెకిచ్చే మనిషి. వెనకాల లారీ మనుషులిద్దరున్నారు. అతను ఏ మంచం మీదా పడుకుని చూడలేదు. గుమ్మంలో నిలబడే చెయ్యి ఒకసారి గుండ్రంగా తిప్పాడు.

"అన్నీ కలిపి ఎంత?"

జారెడ్ మొహం వెలిగింది. రోలాండ్ అతన్ని స్తంభం చాటుకి తీసుకెళ్లాడు. చేతిలో తడిగుడ్డ ఇంకా ఉంది.

"బాబూ, ఆ ఒక్కటీ ఉంచు. మా అక్కకి. ఆవిడకి పడుకుంటే ఊపిరాడదు."

"తలుపు మూశాక నీ ఇష్టం. అప్పటికి ఉంటే తీసుకో."

"అప్పటికి ఉండదు కదా."

"నన్నేం చెయ్యమంటావ్? నాకూ పైన వాళ్లున్నారు."

"పైన ఎవరున్నారు? పావురాలున్నాయి."

జారెడ్ నవ్వాడు గాని కదల్లేదు. లారీ మనుషులు చివరి వరసనుంచి మంచాలు ఎత్తడం మొదలుపెట్టారు.

రోలాండ్ కరెంటు మంచం దగ్గరికి నడిచాడు. అంచున కూర్చున్నాడు. అమ్మేవాడు మంచం మీద కూర్చోవడం థ్రెల్బీలో ఎన్నడూ లేదు. బూట్ల తాళ్లు విప్పి, రెండు బూట్లూ పక్కపక్కన నేలమీద పెట్టాడు. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర కుట్టు ఉంది. టై సరిచేసుకుని వెల్లకిలా పడుకుని చేతులు పొట్టమీద పెట్టుకున్నాడు.

డెస్మండ్ వచ్చి తలవైపు నిలబడ్డాడు. "ఈయన కూడా మంచంతో పాటు వస్తాడా?"

"పడుకుని చూస్తున్నానండీ," అన్నాడు రోలాండ్. "కొనేముందు ఎవరైనా చూడొచ్చు. థ్రెల్బీ పద్ధతి అది. ఎంతసేపని ఎక్కడా రాయలేదు."

"లే పెద్దాయనా, పరువు తీయకు," అన్నాడు జారెడ్.

"ఎవరిది?"

జారెడ్ చుట్టూ చూశాడు. కాపలావాళ్లని మొన్ననే తీసేసింది అతనే. లారీ మనుషుల్లో ఒకడు నేను మంచాలెత్తుతాను గాని మనుషుల్ని ఎత్తనని చెప్పేశాడు. డెస్మండ్ గడియారం చూసుకున్నాడు. "ఆ ఒక్కదానికీ తగ్గించుకో. ముసలాణ్ని నువ్వే ఉంచుకో," అన్నాడు.

రోలాండ్ జేబులోంచి మీట తీసి, తీగ బిగించి నొక్కాడు. తలవైపు మెల్లగా లేచింది. రొదేమీ చేయలేదు. ఒక్కొక్క మంచమే పోతుంటే నేలమీద తివాచీలో మట్టి పట్టని లేతరంగు దీర్ఘచతురస్రాలు బయటపడ్డాయి. వయసులో ఉన్నప్పుడు కిటికీ తెరల విభాగంలో హేజెల్ అనే అమ్మాయి ఉండేది. లీడ్స్ దుకాణానికి పెద్ద ఉద్యోగంలో వెళుతూ, నువ్వూ రారాదా అని అడిగింది. అక్కడ పడకలకి మనిషున్నాడుగా అన్నాడు రోలాండ్. ఆ అమ్మాయి అతని వంక కాసేపు చూసి, అవును, ఉన్నాడు అంది. కప్పు మీద వాననీటి మరక ఉంది. అందరూ పడుకుని చూసింది దీన్నేనా అనుకున్నాడు. నడుము కింద ఏళ్ల నాటి బరువు ఎవరో తీసేసినట్టయింది. ఊపిరి సులువుగా వచ్చింది. అక్కకి కూడా ఇలాగే వస్తుంది కదా అనుకుంటూనే నిద్రపోయాడు.

పాదం మీద ఎవరో చెయ్యివేస్తే మెలకువ వచ్చింది. పక్కింటి నస్రీన్. చున్నీ తడిసి తలకి అతుక్కుపోయింది. అంతస్తంతా ఖాళీ.

"నస్రీన్, మంచం దొరికింది," అన్నాడు.

"ఎన్నిసార్లు చేశాను భాయ్, ఫోన్ తియ్యలేదు మీరు." ఆమె అతని బూట్లు తీసి దగ్గరగా పెట్టింది. "థెల్మా బాజీ పోయింది. టీ పట్టుకెళ్లాను, తలుపు తీసే ఉంది. అంబులెన్సు వాళ్లొచ్చారు. చెయ్యడానికేం లేదన్నారు."

"కుర్చీలోనా?"

"కాదు భాయ్. నిలబడి ఉండగా పడిపోయినట్టుంది."

అతను బూట్లు తొడుక్కున్నాడు. తాళ్లు ముడిపడటానికి చాలాసేపు పట్టింది. మీట నొక్కి మంచాన్ని బల్లపరుపుగా దించాడు. పొద్దుపోయేముందు మంచాలన్నీ అలా దించి వెళ్లడం అతని అలవాటు.

మెట్లకింద నుంచి జారెడ్ కేకేశాడు. "తలుపులు మూసేశాం పెద్దాయనా. ఇక నీదే. కార్డా, నగదా?"

"అక్కర్లేదు."

"అక్కర్లేదా? పొద్దుట్నుంచీ దానికోసమేగా నన్ను చంపావ్."

"పడుకుని చూశాను," అన్నాడు రోలాండ్. "బాగాలేదు."

బస్సులో నస్రీన్ అతని పక్కనే కూర్చుంది. ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. థెల్మాని అప్పటికే తీసుకుపోయారు. ముందుగదిలో ఆమె కుర్చీ గోడవారకి జరిపి ఉంది. చిన్నబల్లనీ పూలకుండీనీ ఎవరో నడవాలోకి ఈడ్చారు. నన్ను పిలిస్తే వచ్చి జరిపేదాన్ని కదా అంది నస్రీన్. కిటికీ పక్కన ఒక మంచం పట్టేంత చోటు, ఊడ్చి శుభ్రంగా ఉంది.

ఆ చోటు ముందు ఇస్త్రీబల్ల వేసి ఉంది. ఇస్త్రీపెట్టె తీగ ఊడదీసింది తానేనని నస్రీన్ చెప్పింది. తల్లి తన చేత్తో అంచు కుట్టుకుని, మంచి రోజు వస్తుందని పెట్టెలోంచి తీయకుండానే పోయిన నారదుప్పటి బల్ల మీద పరిచి ఉంది, సగం దాకా నున్నగా, మిగతా సగం మడతలు మడతలుగా.