ఆయన చెవి, ఆమె గొంతు

పులిహోరలో పోపు కలుపుతూ కుసుమకుమారి వంటింట్లోంచి మూడోసారి కేక వేసింది. "బావా, స్నానం అయిందేటి? బస్సు ఎల్లిపోతాది."

పెరటి గోడకి అవతల బట్టలు ఆరేస్తున్న పద్మకుమారి నవ్వింది. "పొద్దున్నే మొదలెట్టేసినావేటి వదినా. పాపం మిలట్రీ అన్నయ్య ఎలా పడతన్నాడో గానీ."

మరో రోజైతే ఆ మాట మధ్యాహ్నం దాకా గుచ్చుకుంటూనే ఉండేది. ఇవాళ నవ్వొచ్చింది. ఇవాళొక్కరోజు ఓపిక పట్టు తల్లీ, అనుకుంది లోలోపల. తెల్లారకముందే మెలకువ వచ్చేసింది. ఉప్పు వేసిందో లేదో గుర్తు లేదు, రుచి చూస్తే రెండుసార్లు వేసినట్టుంది. పెళ్లినాడు కూడా ఇంత హడావిడి పడలేదు తను.

విశాఖపట్నంలో మిలట్రీ డాక్టర్లు ఇవాళ ధనరాజు చెవులు పరీక్ష చేస్తారు. ఫిరంగుల దళంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఉద్యోగంలో పోయిన వినికిడికి పింఛను ఇస్తారని మాజీ సైనికుల సంఘం గణపతిరావు వెంటపడి మరీ దరఖాస్తు పెట్టించాడు. ధనరాజు ధ్యాసంతా పింఛను మీదే. కుసుమకుమారి ధ్యాస వేరు. ఈయనకి చెవుడని ఒక డాక్టరు నోటితో చెప్పాలి. తను గయ్యాళి కాదని లోకంలో ఒక్కరైనా ఒప్పుకోవాలి.

సాలూరులో పుట్టింట ఆమె నోట్లో నాలుక లేని పిల్ల. ధనరాజు తల్లి దాలమ్మ ఆమెకి స్వయానా మేనత్త, అది చూసే ముచ్చటపడి కోడల్ని చేసుకుంది. ధనరాజు సెలవుకి వచ్చినప్పుడల్లా ఆయన వినికిడి కొంచెం తగ్గుతూ వచ్చింది, ఆమె గొంతు కొంచెం పెరుగుతూ వచ్చింది. అన్నానికి రమ్మని అరవాలి, మోటారు ఆపమని అరవాలి, కూతురికి జ్వరమొచ్చిందని అరవాలి. ముద్దుగా చెప్పుకోవాల్సిన మాటలైతే చెప్పడమే మానేసింది, అలాంటివి అరిచి ఎవరు చెప్తారు? ఊరికి వినపడింది అరుపు ఒక్కటే. "మా అన్న కూతురే. ఏటి సేత్తాం, ఇలాగైపోనాది" అని దాలమ్మ వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకునేది. డ్వాక్రా సంఘానికి లీడరుగా పెడదామని ఎవరో అంటే, దాని నోటికి ఎవులు తట్టుకుంటారని పక్కన పెట్టేశారు. లెక్కలు రాయడానికీ బ్యాంకుకి తిరగడానికీ మాత్రం ఆ నోరు అడ్డు రాలేదు. ఇక ధనరాజుకొచ్చిన పేరు చెప్పనక్కర్లేదు. పెళ్లాం ఎంత అరిచినా కిమ్మనడు, దేవుడిలాంటి మనిషి. వినపడనివాడు కిమ్మనకపోవడంలో అంత గొప్పేముందో ఆమెకి ఏనాడూ అర్థం కాలేదు.

ఒకసారి ఏడుస్తూ అడిగింది, ఊళ్లో నిజం చెప్పెయ్యమని. "తెలిస్తే సెవిటోడంటారే. నలుగుర్లో నా మాటెవుడింటాడు? నువ్వంటే ఆడదానివి, అరిసినా ఎవులూ ఏటీ అనుకోరు" అన్నాడు. అనుకున్నారు. అనుకుంటూనే ఉన్నారు. అలాగని నలుగుర్లో ఉన్నప్పుడు అరవకూడదు. అక్కడ ఆమె ఆయనకి ఎదురుగా నిలబడి, అవతలివాళ్లు అన్న మాటని చప్పుడు లేకుండా పెదాలతో తిప్పి అనాలి. ఆయన ఓరకంట చూసి దర్జాగా జవాబిస్తాడు. పెళ్లికైనా, గట్టు తగాదాకైనా, ఎరువుల కొట్టుకైనా ఆమె లేకుండా కదలడు. మొగుణ్ణి ఒక్క క్షణం వదిలి ఉండదమ్మా అని దానికీ ఒక పేరు పెట్టారు.

విశాఖపట్నం మిలట్రీ ఆసుపత్రిలో డాక్టరు తెలుగావిడే, కుసుమకుమారి ఈడుది. ధనరాజు ఎదురుగా నిలబడి నెమ్మదిగా, విడమరిచి చెప్పింది. "మిషన్ పరీక్ష తర్వాత చేస్తాం. అక్కడ వినపడనట్టు నటించేవాళ్లు ఉంటారు. అందుకని ముందు ఇలా చూస్తాను. నేను వెనకనుంచి ఒక మాట అంటాను, మీరు తిరిగి అనండి." ఆయన్ని తలుపువైపు తిప్పి నిలబెట్టి, తను గది ఆ చివరకి వెళ్లింది. కుసుమకుమారి తలుపు పక్కన బల్ల మీద కూర్చుంది, ఆయనకి ఎదురుగా.

"బండి" అంది డాక్టరు.

"బండి" అన్నాడు ధనరాజు.

"చెరువు."

"సెరువు."

డాక్టరు గొంతు గుసగుసకి దించింది. "కొబ్బరి."

"కొబ్బరి" అన్నాడు ఆయన, సెల్యూట్ కొట్టబోయేవాడిలా ఛాతీ విరిచి.

"బాగానే వినపడుతోందే. మరెందుకొచ్చారు?" అంటూ డాక్టరు పెన్ను అందుకుంది.

కుసుమకుమారి చప్పున ఆయన మొహంలోకి చూసింది. ఇదేం వింత, ఉన్నట్టుండి ఈయనకి చెవులు వచ్చేశాయా? అప్పుడు గమనించింది ఆయన చూపుని. ఆ చూపు ఆమె కళ్ల మీద లేదు, నోటి మీద ఉంది. ఆమె పెదాలు ఇంకా ఆగలేదు, డాక్టరు అంటున్న మాటల్ని వాటంతటవే తిప్పి అంటున్నాయి.

పిచ్చి కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఆ పెదాల మీద. చెవుడని రాయించుకోవడానికి ఇంతదూరం వచ్చిన మనిషి, అడిగేసరికి తప్పు చెప్పడానికి మనసొప్పక, ఎప్పట్లాగే ఆమె నోటికోసం వెతుక్కున్నాడు. ఆమె ఎప్పట్లాగే అందించేసింది. ఇంకొక్క మాట అందిస్తే అయిపోతుంది. ఈయన చెవులు బాగున్నాయని రాసేస్తారు, తను గయ్యాళిగానే మిగిలిపోతుంది.

లేచి నిలబడింది. "ఆయన ఇనలేదండి డాక్టరు గారూ. నా నోరు సూసి సెప్పాడు. ఇప్పుడడగండి" అని, గోడవైపు తిరిగిపోయింది.

పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత డాక్టరు అంది, "తలుపు."

జవాబు లేదు.

"నిప్పు." ఈసారి కొంచెం గట్టిగానే.

"కుసుమా" అన్నాడు ధనరాజు, చీకట్లో తడుముకునేవాడిలా. "ఏటంటన్నారే? ఇటు తిరుగు."

ఆమెకి జాలేసింది. పళ్లతో పెదవి నొక్కిపట్టి గోడనే చూస్తూ నిలబడింది, తిరగలేదు.

డాక్టరు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఇన్నాళ్లూ ఈయనకి మీరే వినిపిస్తున్నారా?"

ఈ ప్రశ్న ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "అరుస్తన్నానండి" అంది. అని నవ్వేసింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే.

మిషన్ పరీక్ష అయ్యాక డాక్టరు ధనరాజు మొహంలోకి చూసి చెప్పింది. "రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. ఫిరంగుల వల్లే. అదే రాస్తున్నాను."

బయట చెట్టుకింద కూర్చుని పులిహోర పొట్లం విప్పారు. "నన్నక్కడ ఒగ్గేసినావేటే?" అన్నాడు ధనరాజు.

ఆమె ఏదో అంది.

"గట్టిగా సెప్పు."

ఆమె గట్టిగా చెప్పలేదు. ఆయన తల తిప్పి తన మొహంలోకి చూసేదాకా ఆగి, అంతే మెల్లగా మళ్లీ అంది. "ఇంక నాను అరవను బావా. నలుగుర్లో నీ బదులు ఇనను కూడా. నువ్వే అడుగు, నువ్వే సెప్పుకో."

శ్రీకాకుళంలో మారి, తమ ఊరి మీదుగా పోయే పాతపట్నం బస్సెక్కారు. సగం బస్సు తెలిసినవాళ్లే. ఆడవాళ్లకి టికెట్టు ఊరికే కాబట్టి కుసుమకుమారి తన ఆధార్ చూపించి ఊరుకుంది. కండక్టరు ధనరాజు వైపు తిరిగి ఎక్కడికని అడిగాడు. ఆయన ఆమె నోటివైపు చూశాడు. ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తోంది. కండక్టరు మళ్లీ అడిగాడు, విసుగ్గా. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

"నాకు సెవుడు బాబూ" అన్నాడు ధనరాజు. బస్సంతా వినపడింది ఆ మాట. "నా ఏపు సూసి అడుగు."

ఎవరూ నవ్వలేదు. కండక్టరు వంగి అడిగి, టికెట్టు కొట్టి వెళ్లిపోయాడు. వెనక సీటులోంచి ఓ ఆడమనిషి, "అయితే కుసుమా, ఇన్నాళ్లూ నువ్వరిసింది..." అని సగంలో ఆపేసింది.

కుసుమకుమారి వెనక్కి తిరిగింది.

"అవునక్కా" అంది, ఆవిడ ముందుకి వంగి చెవి ఒగ్గాల్సినంత మెల్లగా.