పదిహేడో నంబరు పానా

వరస కాస్త తారుమారు కావచ్చు. పానా ముందు పోయిందా, అక్క పెళ్ళి ముందు జరిగిందా అని ఎవరైనా గట్టిగా అడిగితే తడబడతాను. పెళ్ళే తర్వాత అనుకుంటాను. ఏది ముందైనా జరిగినవి మాత్రం ఇవే.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా అక్క సినిమా హాలు తలుపులు తీసేది. వరండా ఊడ్చి, టిక్కెట్ల కిటికీ అద్దం తుడిచి, ముందురోజు ఉతికి ఆరేసిన పట్టీలు బుట్టలో వేసుకుని కుర్చీ కుర్చీకీ కట్టుకుంటూ వెళ్ళేది. మందపాటి గుడ్డ పట్టీలు. మిగతా ఆటలకి వాటి అవసరం లేదు. ఆదివారం పొద్దుటాటకి మాత్రం టెస్ట్ పైలట్ల సినిమాలు వేసేవాళ్ళు. కొత్తగా తయారైన విమానాన్ని మొట్టమొదట ఎగరేసి, అది మనిషిని మోస్తుందో ముంచుతుందో తేల్చి చెప్పే పైలట్ల కథలు. అన్నీ పాత నలుపు తెలుపు సినిమాలే. తెరమీద విమానం నేల విడవగానే హాల్లో జనం కూడా కుర్చీల్లోంచి లేచేవాళ్ళు. కొందరు బెత్తెడు, కొందరు మూరెడు. పట్టీ కట్టుకోకపోతే వెనకవాళ్ళతో గొడవ.

"ఏమమ్మా, కాస్త దిగు. తల అడ్డమొస్తోంది."

"నేనేం కావాలని లేచానా? వాడు విమానం దింపితే నేనూ దిగుతా."

వరండాలో ఒక బీరువా నిండా అవే కథల పుస్తకాలు ఉండేవి. నేను బడికి వెళ్ళింది తక్కువ. చదవడం అంటూ వచ్చింది ఆ బీరువా దగ్గరే. పుస్తకం చదివితే వేలెడే లేస్తాం, అంతకంటే లేవం. అట్టల మీద తోలు టోపీలు పెట్టుకుని నవ్వే పైలట్లు. గుండె గుభేలుమనే చోట కూడా వాళ్ళు గొంతు పెంచరు. "ఎడమ రెక్క వణుకుతోంది. ఇంధనం సగం ఉంది. కిటికీకి మంచు పట్టింది." కనపడింది కనపడినట్టు చెప్పుకుంటూ పోతారు. ఇప్పటి సినిమాల్లో అలాంటివాళ్ళు లేరు. అందరూ అరుస్తారు.

హాల్లో అందరికంటే ఎత్తు లేచేది కెప్టెన్ గారు. ఒకప్పుడు మా ఊరి విమానాల షెడ్డులో నిజం టెస్ట్ పైలట్. ఎడమకాలు మోకాలి కింద లేదు. ఆ వైపు కాస్త ఎక్కువ లేచి, పడవలా పక్కకి ఒరిగి, ముందు వరసలో చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని తేలుతూ ఉండేవారు.

అసలే లేవనిది ఒక్క మా బావ. చివరి వరసలో, నడవ పక్క కుర్చీ. అక్క పట్టీ కట్టకుండా వదిలేసేది ఆ కుర్చీ ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆదివారం వచ్చి, రాయిలా కూర్చుని, సినిమా అయ్యాక సైకిళ్ళ రిపేరు కొట్టుకి వెళ్ళిపోయేవాడు.

"సైకిలు చక్రానికి గాలి కొడతావు, నీకు మాత్రం గాలి ఎక్కదు కదయ్యా," అని నవ్వేవాళ్ళు కొందరు. అక్క టార్చిలైటు సూటిగా వాళ్ళ మొహాన కొట్టేది. నవ్వు ఆగేది.

బావ ఆ షెడ్డులోనే మెకానిక్కుగా ఉండేవాడు. అక్కడ గోడకి పెద్ద చెక్కబల్ల. దానిమీద ప్రతి పనిముట్టు ఆకారమూ నల్లరంగుతో వేసి ఉంటుంది. పానాలు, పట్టకారు, సుత్తి, ఆకురాయి, దేని చోటు దానిది. పని అయ్యాక దేని బొమ్మ మీద దాన్ని తగిలించాలి. ఏ బొమ్మా ఖాళీగా లేదని కళ్ళారా చూసి సంతకం పెడితేనే విమానం బయటికి వస్తుంది. ఎందుకంటే లోపల మర్చిపోయిన చిన్న పానా ఒక్కటి చాలు, ఏ కడ్డీకో అడ్డం పడి విమానాన్ని కూల్చేయడానికి.

ఒక ఆదివారం అక్క, అంటే అప్పటికి బావతో పెళ్ళి కుదిరిన పిల్ల, హాల్లో కుర్చీల నట్లు ఊడుతున్నాయని చెప్పింది. జనం లేచినప్పుడల్లా పట్టీలు లాగితే ఊడవా మరి. బావ షెడ్డులోంచి పదిహేడో నంబరు పానా జేబులో వేసుకొచ్చాడు. అలా బయటికి తేకూడదు. తెచ్చాడు. సాయంత్రం దాకా నట్లు బిగించి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున సంతకం పెట్టేటప్పుడు బల్ల వైపు తిరిగి చూడలేదు. పానా తగిలించినట్టు గుర్తుంది కదా. చేతికి ఇనుము చల్లగా తగలడం కూడా గుర్తుంది. సంతకం పెట్టేశాడు. పదింటికి విమానం లేచింది. పదింబావుకి గాల్లో ఇంజను ఆగింది. కెప్టెన్ గారు పొలాల్లో దింపారు గానీ విమానం తగలబడింది, ఆయన కాలు పోయింది. సాయంత్రం చూస్తే పదిహేడో బొమ్మ ఖాళీ.

"నా కళ్ళ ముందే జేబులో వేసుకున్నాడు. నేను చూశాను," అని విచారణలో అక్క కూడా చెప్పింది. అంటే పానా హాల్లో లేదు. షెడ్డులో లేదు. విమానం లోపల తప్ప ఇంకెక్కడ ఉంటుంది? కాలిన విమానం బూడిదలో ఏమీ దొరకలేదు. కారణం తెలియదని కాగితం మీద రాశారు. బావ మాత్రం తనే అని చెప్పి ఉద్యోగం వదిలేశాడు. కెప్టెన్ గారు ఎప్పుడు కనపడినా, "నీ పానా కాదులే మేస్త్రీ," అనేవారు. బావ తల వంచుకుని వెళ్ళిపోయేవాడు.

హాలు మూసేస్తున్నారని తెలిశాక ఆఖరి ఆదివారం ఊరు ఊరంతా వచ్చింది. పట్టీలు చాల్లేదు. అక్క ఇంట్లో పాత దుప్పట్లు చింపి తెచ్చింది. కెప్టెన్ గారు ఆలస్యంగా వచ్చారు. ముందు వరసలో ఆయన చోట ఎవరో ముగ్గురు పిల్లల తల్లి కూర్చుని ఉంది, పిల్లలు అప్పటికే పడుకున్నారు. లేపలేకపోయారు. నడవలో కర్ర మీద నిలబడ్డ ఆయన్ని చూసి బావ లేచి తన కుర్చీ చూపించాడు.

"వద్దు మేస్త్రీ, అది నీది."

"ఒంటికాలి మీద రెండు గంటలు నిలబడతారా? కూర్చోండి సార్."

అక్క దుప్పటి ముక్కతో కెప్టెన్ గారిని ఆ కుర్చీకి కట్టింది. నేను ద్వారం పక్కనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. తెరమీద పైలట్ విమానం ముక్కు మీద గేదెని నిమిరినట్టు నిమిరి లోపలికెక్కాడు. చక్రాలు నేల విడిచాయి. హాలంతా లేచింది. కెప్టెన్ గారు కూడా లేచారు. కింద కిర్రుమంది. ఏడాదికోసారి అన్ని కుర్చీలూ ఊడదీసి బిగిస్తారు గానీ ఈ కుర్చీని ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు. లేవని మనిషి కూర్చునే కుర్చీ నట్టు ఎందుకు ఊడుతుంది? తుప్పు పట్టిన నాలుగు నట్లూ ఒకేసారి తెగి, కుర్చీ కెప్టెన్ గారితో పాటు గాల్లోకి లేచింది. బోలుగా ఉన్న ఇనప కాళ్ళల్లో ఒకదాంట్లోంచి ఏదో జారి, నేలమీద ఖణేల్మని పడింది.

బావ వంగి తీశాడు. టార్చి వేయమన్నట్టు అక్క వైపు చూశాడు. అక్క వేసింది. జేబులో వేసుకున్నాడని ఆమెకి గుర్తు. తగిలించానని ఇతనికి గుర్తు. ఆ తర్వాత వంగినప్పుడు జేబులోంచి జారి ఆ బోలు కాలులో పడిపోయిందని ఇద్దరికీ తెలియదు.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" పైనుంచి కెప్టెన్ గారు అడిగారు.

బావ అబద్ధం చెప్పొచ్చు. నట్టు అంటే సరిపోయేది.

"పానా సార్. పదిహేడు."

కుర్చీ మెల్లగా కిందికి దిగింది. నేలకి తగిలాక కూడా ఇంకా దిగుతున్నట్టే కెప్టెన్ గారు కుంగిపోయారు. అంత బరువుగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"అయితే నేనే," అన్నారు. "ఒక ట్యాంకులో ఇంధనం అయిపోయే వేళకి రెండో ట్యాంకు కుళాయి తిప్పాలి. తిప్పానో లేదో ఆస్పత్రిలో ఎంత ఆలోచించినా తెలియలేదు. ఇంతలో నువ్వొచ్చి పానా అన్నావు. హమ్మయ్య అనుకున్నాను మేస్త్రీ. నీ పానా కాదని పైకి చెబుతూ, లోపల అదే అయి ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను. ఆ నమ్మకం మీద కూర్చునే ఇన్నేళ్ళు తేలాను."

మా ముందున్న వరసవాళ్ళు మాట్లాడొద్దన్నారు. బావ ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కుళాయి తిప్పినట్టు గుర్తుందా సార్?"

"లేదు."

"తిప్పనట్టు గుర్తుందా?"

"అదీ లేదయ్యా."

"నాకు బల్లకి తగిలించినట్టు గుర్తుంది. చేతికి చల్లగా కూడా తగిలింది," అన్నాడు బావ, పానా చూపించి. "చూడకుండా సంతకం పెట్టింది నేను. అది నాదే. ఇంజను సంగతి మాత్రం మనకి తెలియదు. కాగితంలో అలాగే రాశారు కదా, అలాగే ఉంచుదాం."

అప్పుడు అక్క "ఏమండీ" అంది. బావ కిందికి చూసుకున్నాడు. గొంతుక్కూర్చున్నవాడు కూర్చున్నట్టే జానెడు ఎత్తులో ఉన్నాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక కెప్టెన్ గారి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కుర్చీ కూడా కదిలింది. ఇద్దరూ ఒకే ఎత్తుకి, మూరెడుకి, లేచి అక్కడ ఆగారు. అక్క టార్చి వెలుగు బావ చెప్పుల అడుగున పడింది.

"అరిగిపోయిన చోట అట్టముక్క పెట్టుకుని తిరుగుతున్నారా ఇన్నాళ్ళూ! నాతో చెప్పొద్దూ?" అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ వారంలోనే కెప్టెన్ గారు బావని షెడ్డుకి తీసుకెళ్ళారు. ఆ చెక్కబల్ల ఇంకా ఉంది. పదిహేడో బొమ్మ మీద కొత్త పానా ఒకటి వేలాడుతోంది. బావ దాన్ని తీసి పక్కన పెట్టి పాతది తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, చూసి, అప్పుడు సంతకం పెట్టాడు. షెడ్డు పెద్ద మెకానిక్కు బావని వెనక్కి పంపలేదు. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి ఆ బల్ల దగ్గర నేర్పేది బావే. ఎవరైనా "గుర్తుంది సార్, పెట్టేశాను" అంటే, "గుర్తు సంగతి నాకొద్దు నాన్నా, అటు తిరిగి చూసి చెప్పు," అంటాడట.

చిట్టీ, ఇది చదివాక ఒకసారి సరిచూడు. నేను పనిముట్ల పేర్లు రాసిన చోట పట్టకారు పక్కన సుత్తేనా, ఇంకేమన్నా ఉందా? తప్పు రాస్తే మీ నాన్న, అదే మా బావ, ఊరుకోడు. నాకు గుర్తున్నాయి అని మాత్రం నేను అనను. షెడ్డుకి వెళ్ళి, బల్ల ముందు నిలబడి, పేర్లన్నీ నువ్వే చూసి చెప్పు.