నురుగొచ్చిన ఇసుక

చర్చిలో ఎవరైనా లేచి తమకు జరిగిన మేలు గురించి సాక్ష్యం చెబితే, అందరితోపాటు నేనూ "దేవునికి స్తోత్రం" అంటాను. నోరు అంటుంది. మనసు అనకపోతే ఆ స్తోత్రం పైకి చేరుతుందా, పైకప్పు దగ్గరే ఆగిపోతుందా అని చాలా ఏళ్ళుగా నాకొక సందేహం. పాస్టరుగారిని అడుగుదామనుకుంటాను. ఎవరి మేలు గురించి అని ఆయన తిరిగి అడుగుతారేమోనని ఊరుకుంటాను.

ఎవరి మేలో నాకు తెలుసు. మా తోడల్లుడు జ్ఞానశేఖర్. నా భార్య సువార్త చెల్లెలు మేబెల్‌ను చేసుకున్నాడు. నేను సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో గుమాస్తాను, అతను బ్యాంకు ఆఫీసరు. మాది చిలకలగూడలో రెండు గదుల ఇల్లు. వాళ్ళు యాప్రాల్‌లో కొత్త ఫ్లాటు కొన్నారు. ఇవన్నీ ఎలాగో మింగాను. నాదంటూ ఒక్కటి మిగిలింది, చేపలు. ఇరవై ఏళ్ళుగా మా ముందుగదిలో రెండున్నర అడుగుల అద్దాల తొట్టి ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పిల్లలు తిన్నగా మా ఇంటికొచ్చి దాని ముందు చతికిలబడతారు. ఏసురత్నం అంకుల్ చేపలంటే మా చర్చిలో తెలియనివారు లేరు.

రెండువేల పదిలో ఒకరోజు జ్ఞానశేఖర్ ఫోన్ చేశాడు. "అన్నా, హాల్‌ల టాంకు పెడుతున్న. ఉప్పునీళ్ళది. పగడాలు గిట్ల పెంచేది. నాలుగడుగులు."

నాలుగడుగులన్న మాట ఆ రోజంతా నా చెవిలోనే ఉంది.

మరునాడు జమాలుద్దీన్ భాయ్ దుకాణానికి వెళ్ళాను. స్టేషన్ వెనక సందులో ఆయన చేపలు అమ్ముతాడు. ఈ విద్య నాకు నేర్పింది ఆయనే. సముద్రం టాంకు కష్టమేనా అని, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అండ్ల అసలు ముచ్చట అడుగున పోసే ఇసుక," అన్నాడు భాయ్. "మన మంచినీళ్ళ చేపలకు ఏం చెప్పిన నీకు? ఇసుక మీద వెనిగర్ చుక్క వెయ్, నురుగొస్తే పారెయ్ అని చెప్పిన. సముద్రానికి ఉల్టా. నురుగొచ్చేదే కావాలె. అది పగడాల పొడి. సున్నం ఉంటది అండ్ల. నీళ్ళను అదే సంభాళిస్తది."

"మరి నది ఇసుక పోస్తే?"

"చంపదు. బతకనియ్యదు సుత. గోధుమరంగు నాచు పడతది, పగడం ముడుచుకుంటది. ఒక్కసారి రాళ్ళు, నీళ్ళు పెట్టినంక మార్చాలంటే మొత్తం ఎత్తిపొయ్యాలె. శానా తక్లీఫ్. ఎవరు పెడుతున్నరు, నువ్వా?"

"ఊకెనే అడిగిన," అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం జ్ఞానశేఖర్ కారు వేసుకుని వచ్చి నన్ను అదే దుకాణానికి తీసుకెళ్ళాడు. భాయ్ నమాజుకు పోయాడు. ఆయన భార్య జైతున్ బీ కూర్చుని ఉంది; ఆమెకు ధరలే తెలుసు, చేపల సంగతులు తెలియవు.

"ఇంటర్నెట్ల సూస్తే పదిమంది పది తీర్ల చెప్తున్నరన్నా, తల తిరుగుతుంది. నీ మాటే ఫైనల్," అంటూ జేబులోంచి చిన్న సీసా తీశాడు. వెనిగర్. "పెళ్ళైన కొత్తల నువ్వే నేర్పినవ్, యాదుందా?"

జైతున్ బీ మూడు గిన్నెల్లో మూడు రకాలు పోసి పెట్టింది. తెల్లటి పగడాల పొడి, నది ఇసుక, నల్లటి సన్న గులకరాళ్ళు. అతను ఒక్కోదాని మీద చుక్క వేశాడు. తెల్లది బుసబుసమని నురుగు కక్కింది. మిగతా రెండూ ఉలకలేదు, పలకలేదు.

"ఇగో, నురుగు. ఇది వద్దు," అని తెల్లటి గిన్నెను పక్కకు జరిపాడు. "నది ఇసుకే కదన్నా?"

నేను నేర్పిన పద్ధతితోనే అతను తప్పు చేస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. కాని ఆ క్షణం నాకు మా ముందుగది కనబడింది. ఆదివారం, ఆరాధన అయిపోయింది, గదిలో ఒక్క పిల్లవాడు లేడు.

"నీ ఇష్టం," అన్నాను. అబద్ధమైతే ఆడలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఏంది రత్నం అన్నా, మొకం గట్ల పెట్టినవ్? తమ్ముడు కొంటుంటే కడుపు మండుతుందా?" అని జైతున్ బీ నవ్వింది. నేనూ నవ్వాను. రెండు బస్తాల నది ఇసుక కారులో పడింది.

శనివారం పొద్దున సువార్త, నేను యాప్రాల్ వెళ్ళేసరికి జ్ఞానశేఖర్ రెండు బస్తాలూ కడిగి టబ్బుల్లో పోసి పెట్టాడు. డ్రమ్ములో ఉప్పునీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఖాళీ టాంకు కిటికీ పక్కన మెరుస్తోంది. అంత పెద్దదని నేను ఊహించలేదు.

"ప్రార్థన చేసి మొదటి పిడికెడు నువ్వే వెయ్యాలె బావా," అంది మేబెల్. "ఈయనకు పాత బాకీ సుత ఉన్నవ్. మర్చిపోయినవా?"

మర్చిపోలేదు. మా అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అల్లుడు మొదటిసారి భోజనానికి కూర్చునే ముందు పెద్దల్లుడు అతని తల మీద చెయ్యి పెట్టి, పేరు చెప్పి దీవించాలి. పదహారేళ్ళ క్రితం ఆ రోజు మా మామగారు వచ్చినవాళ్ళందరికీ "బ్యాంకు ఆఫీసరు, బ్యాంకు ఆఫీసరు" అని చెప్పుకుంటుంటే విని, గొంతు పోయిందని సైగ చేసి తప్పించుకున్నాను. అత్తగారు కాంతమణమ్మ పాపం వేడినీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చింది. పుక్కిలించాను కూడా.

"ఈసారన్న గొంతు బాగుందా?" అంది మేబెల్. అందరూ నవ్వి తలలు వంచారు.

తడి ఇసుక పిడికిట్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాను. "తండ్రీ, ఈ ఇంటిని..." అన్నాను. తరవాత ఏమడగాలి? ఇందులో పెట్టే ప్రాణులను పెంచమనా? నా చేత్తో వాటి కింద ఈ ఇసుక పోస్తూ, పైనుంచి దీవెన పంపమని ఎలా అడగడం? అలా అడిగితే వినేవాడు నా గురించి ఏమనుకుంటాడు?

కళ్ళు తెరిచాను. "ఈ ఇసుక పనికిరాదు," అన్నాను.

జ్ఞానశేఖర్ తలెత్తాడు. "ఏందన్నా?"

"నురుగొచ్చిందే కావాలె. నాకు ముందే తెల్సు. భాయ్ చెప్పిండు. నువ్వు దాన్ని పక్కకు జరుపుతుంటే సూసుకుంట ఊకున్న."

"మరెందుకు చెప్పలే?"

"నీ టాంకు నాలుగడుగులు," అన్నాను. అంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

సువార్త నా వంక చూడలేదు. జ్ఞానశేఖర్ ముఖం ఎర్రబడింది. "పొద్దుగాల్నుంచి ఒక్కణ్ణి కడిగిన. నడుములు పడిపోయినయ్," అని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. పిడికెడు ఇసుకను ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకు నిలబడ్డాను. కొంతసేపటికి అతను కారు తాళాలతో వచ్చాడు.

"పా. మధ్యాహ్నం దుకాణం మూస్తడు."

తిరుమలగిరి దాటాం. అతను రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "కొత్త అల్లుణ్ణి నేను. మీ ఇంటికొస్తే పిల్లలు పెద్దలు అందరు నీ చేపల ముంగట. నన్ను చాయ్ తాగినవా అని అడిగినోడు లేడు. గప్పట్నుంచి నాకు సుత కుళ్ళేనన్నా."

తన మీద కుళ్ళుకునేంతటిది నా దగ్గర ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

దుకాణంలో భాయ్ జరిగిందంతా విని నన్ను ఎగాదిగా చూశాడు. "ఊకెనే అడిగిన అన్నవ్ కద రత్నం? తడిపిన ఇసుక వాపస్ తీసుకోను. ఇంటికాడ మొక్కలకు పోస్కో." తెల్లటి పగడాల పొడి బస్తాలను నేనే మోసి కారులో పెట్టాను. ఫ్లాటుకు వచ్చాక కడిగింది కూడా నేనే.

టాంకు అడుగున పొయ్యబోయే ముందు జ్ఞానశేఖర్‌ను కుర్చీలో కూర్చోమన్నాను. ఎందుకని అడగకుండా కూర్చున్నాడు. తల మీద చెయ్యి పెట్టాను. పదహారేళ్ళ క్రితమే పెట్టి ఉంటే ఒత్తైన క్రాపు తగిలేది. ఇప్పుడు నున్నగా, వెచ్చగా, కొంచెం చెమటగా ఉంది. "ప్రభువా, నా తమ్ముడు జ్ఞానశేఖర్‌ను..." అని మొదలుపెట్టి, అతని పేరు మూడుసార్లు చెప్పి, అతనికి కావలసినవన్నీ ఒక్కొక్కటిగా అడిగాను.

అందరికన్నా ముందు మేబెల్ "ఆమెన్" అంది.