తువాళ్ల బుట్టలో పిల్లి

సెలూన్ ఆయనకి నోటి దురుసు ఎక్కువ. ఆ ఆదివారం మూడు కుర్చీలూ నిండి, బల్ల మీద మరో ఐదుగురు కూర్చుని ఉండగా ఒకతను తన మెడ మీది ఎర్రటి వలయం చూపించి, "ఇది నీ దగ్గరే అంటుకుంది" అన్నాడు. ఆ మాట అన్నవాళ్లలో అతను మూడోవాడు. సరిగ్గా అప్పుడే లాండ్రీ ఆమె ఉతికిన తువాళ్ల మూటతో లోపలికి వచ్చింది. ఇంకేం, తిట్టడానికి మనిషి దొరికింది.

"ఇదిగో, మీ తామరకి కారణం ఈవిడే. మురికినీళ్లలో ముంచి తెచ్చి నా మొహాన కొడుతోంది. రేపట్నించి ఈ గడప తొక్కకు."

పదకొండేళ్లుగా ఆ తువాళ్లు ఉడకబెట్టి ఉతికిన మనిషి ఆమె. "నా చేతులు చూడు తమ్ముడూ, ఒక్క మచ్చన్నా ఉందా?" అంది. ఎవరూ చూడలేదు. వారం తిరక్కుండా వీధిలో నాలుగిళ్లవాళ్లు ఆమెకి బట్టలివ్వడం మానేశారు. పాఠకులారా, నిజం గుమ్మం దాటేలోపు నింద ఊరు చుట్టి వస్తుంది.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. సెలూన్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది, ఆయనకి ప్రాణం. దాని చెవి వెనక గుండీ అంత మేర బొచ్చు పోతే, "ఎక్కడో కొట్లాడి వచ్చింది వెధవ" అని ముద్దుచేసి నూనె రాశాడు. అది పడుకునేది మడతపెట్టిన తువాళ్ల బుట్టలోనే.

లాండ్రీ మార్చినా తామర ఆగలేదు. ఆయన కొత్తవాణ్నీ తిట్టాడు. ఒకరోజు పశువుల డాక్టరు గడ్డం గీయించుకుంటుంటే పిల్లి ఆయన ఒళ్లోకెక్కింది. డాక్టరు దువ్వెన అడిగి, దాని చెవి వెనక పాయ తీశాడు.

"ముప్పయ్యేళ్లుగా జుట్టు చూస్తున్నావు. ఇది రాలిందా, విరిగిందా?"

సెలూన్ ఆయన వంగి చూశాడు. మొదళ్ల దగ్గర విరిగింది, చుట్టూ పొట్టు.

"తామరే, దీన్నుంచి మనుషులకీ అంటుతుంది. దీన్ని వేరే గదిలో ఉంచు. వారానికి రెండుసార్లు మందు స్నానం, రోజూ మాత్ర. బొచ్చు మొలిచింది కదా అని ఆపకు, పోయిందని పరీక్షలో తేలాలి. తువాళ్లు మరగబెట్టించు."

"ఆవిడ మరగబెట్టే తెచ్చేది సార్," అన్నాడాయన నెమ్మదిగా.

ఆ సాయంత్రం ఆయన లాండ్రీ ఆమె ఇంటికి వెళ్లేసరికి ఆమె ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తలేదు.

"తప్పయింది అక్కా. రేపట్నించి రా."

"నా ఇంటికొచ్చి గుసగుసలాడితే ఏం లాభం? ఆదివారం, కుర్చీలు నిండాక చెప్పు. నన్ను తిట్టినంత గొంతుతోనే చెప్పు."

"అందరూ నా షాపు మానేస్తారు."

"నన్ను మానెయ్యలేదా?"

ఆదివారం ఆయన కత్తి పక్కన పెట్టి, గుమ్మంలో ఆమె వింటూండగా అంతా చెప్పాడు. ఇద్దరు గడ్డాలు గీయించుకోకుండానే లేచిపోయారు. ఆమె మరగబెట్టి తెచ్చిన తువాళ్ల మూట దింపి, "బుట్టకి మూత పెట్టు" అని వెళ్లిపోయింది.

పిల్లికి రెండు నెలల్లో నయమైంది. ఆ నాలుగిళ్లలో రెండు మాత్రం నేటికీ ఆమెకి బట్టలివ్వవు. ఇంకొకరి వైపు వేలెత్తేముందు మన ఒళ్లో దేన్ని ముద్దుచేస్తున్నామో చూసుకోవాలి. నలుగురిలో వేసిన నింద నలుగురిలోనే దించాలి, అయినా అది పూర్తిగా దిగదు.