పిన్ని ‘సరే’ అనని శనివారం

ఏ తలుపు తోసినా మళ్ళీ అదే గది వస్తోంది. హైమవతి ప్రార్థనలు జరిగే చాపెల్ వైపు తలుపు తోస్తుంది, కరిగిన కొవ్వొత్తుల వాసన ముఖానికి తగులుతుంది, తీరా అడుగు వేసేసరికి అది చాపెల్ కాదు. భోజనాల హాలు వైపు తలుపు తోస్తుంది, ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది, అడుగు వేస్తే మళ్ళీ ఎర్ర పాలిష్ పెట్టిన ఈ నేలే, గోడవార ఈ చెక్క కుర్చీలే, కిటికీకి ఈ ఇనుప ఊచలే. ఒంటి మీద నీలం గౌను, కాళ్ళకు తెల్ల మేజోళ్ళు. భుజం మీద పడిన జడ మాత్రం నెరిసిపోయి ఉంది, అదేమీ వింతగా అనిపించదు. వింతల్లా ఊపిరే. ఎంత పీల్చినా చాలడం లేదు. ఎలాగైనా ఇక్కడినుంచి బయటపడాలి.

జాంబియాలో, ఆ రాగి గనుల ఊళ్ళో, కాన్వెంటు హాస్టలు పిల్లలంతా శనివారం మధ్యాహ్నం ఈ గదిలోనే కూర్చుంటారు. ఎవరి గార్డియన్ వాళ్ళకు రావాలి, సిస్టర్ పెర్పెచువా ఎదుట నిలబడి "ఈ పిల్లను తీసుకెళ్తున్నాను" అని నోరు తెరిచి చెప్పాలి, ఆ మాట పడ్డాకే గేటు తాళం తీస్తారు. అనేవాళ్ళు లేని పిల్ల గోడల మధ్యే ఉండిపోతుంది. ఇప్పుడు కుర్చీలన్నీ ఖాళీ. హైమ ఒక్కతే మిగిలింది.

"ఏవిటే ఆ మొహం, ఆముదం తాగినట్టు?"

రాజ్యం పిన్ని! గుమ్మంలోంచి రాలేదు, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కిటికీ పక్కన నిలబడి ఉంది, మామిడిపండు రంగు నైలాన్ చీరలో, చేతిలో స్టీలు క్యారియర్‌తో. అమ్మకు స్వయానా చెల్లెలు. పిల్లల్లేని ఈ పిన్నే "నేను పెంచుకుంటానక్కా" అని కాకినాడలో తొమ్మిదేళ్ళ హైమను విమానం ఎక్కించింది. దిగిన రోజే తీసుకొచ్చి ఈ కాన్వెంటులో పడేసింది.

"నువ్వు పోయావు కదా పిన్నీ," అంటుంది హైమ.

"పోతే? శనివారం రాదా ఏవిటి?"

తాళాల గుత్తి చప్పుడవుతుంది. సిస్టర్ పెర్పెచువా వస్తోంది, నేల మీద కాలు ఆనుతోందో లేదో తెలియని నడకతో. హైమ నోట తెలుగు ముక్క వినపడితే మెడలో చెక్కపలక వేలాడదీసి ఊరేగించిన మనిషి. ఈవిడా ఎప్పుడో పోయిందని విన్నది. ఆ సిస్టర్ ఇప్పుడు చల్లగా నవ్వుతుంది, ఆ పల్చటి పెదాల మధ్యనుంచి తియ్యటి గోదావరి తెలుగు వస్తుంది.

"రామ్మా హైమా. కారొచ్చింది. ఇంటికి పోదువుగాని."

హైమ ఒకడుగు వెనక్కి వేస్తుంది. కానీ కిటికీ అవతల నిజంగానే కారు ఉంది. నీలం రంగుది, ఇంజను ఆడుతోంది, లోపల ఎవరూ లేరు. దాని కింద ఎర్రమట్టి రోడ్డు చూస్తూండగానే మెత్తబడి కాకినాడ రేవు నీళ్ళయిపోతుంది, నీళ్ళ మీంచి గాలి వస్తోంది, ఆ గాలి ఊచలదాకా వచ్చి ఆగిపోతోంది.

"ఆ మాట అనేసెయ్ పిన్నీ. అంటే చాలు, తీసేస్తుంది."

పిన్ని క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడుతుంది. "కూర్చో."

"నాకు ఊపిరాడటం లేదు!"

"ఆడుతోందిలే, కాస్త తక్కువగా. కూర్చోవే."

గది ఇందాకటికంటే చిన్నదయింది. ఎదుటి గోడ కుర్చీలు ఇవతలి కుర్చీలకు మోకాళ్ళు తగిలేంత దగ్గరకొచ్చాయి. ఏళ్ళ తరబడి గొంతులో ఉన్నదంతా ఒక్కసారిగా పైకొస్తుంది హైమకు.

"అప్పుడూ ఇంతే నువ్వు! పెంచుకుంటానని తెచ్చావు, ఒక్క రాత్రి మీ ఇంట్లో పడుకోనిచ్చావా? శనివారం కార్లో తిప్పడం, చెరువు గట్టున పులిహోర పెట్టడం, చీకటి పడకుండా మళ్ళీ ఈ గేటు. మీ ఇల్లు రోడ్డు మీంచే చూపించావు. వీధి కుక్కపిల్లకైనా వరండాలో చోటిస్తారు."

"కుక్కపిల్లకి క్షయ అంటదుగా."

సిస్టర్ తాళాలు సవరించుకుంటుంది. పిన్ని గొంతు తగ్గిస్తుంది.

"మీ బాబాయి దగ్గితే రుమాల్లో నెత్తురు. గనుల డాక్టరుకు తెలిసిందా, ఉద్యోగం ఊడుతుంది, మందులకి దిక్కుండదు. రేడియో గట్టిగా పెట్టి ఆ దగ్గును దాచేదాన్ని. ఆ ఇంట్లోకి నిన్నెలా తెచ్చేదే? ఊరు మొత్తమ్మీద నీకు ఆ దగ్గు వినపడని చోటు ఇదొక్కటే."

"తెలుసు. పెద్దయ్యాక అమ్మ చెప్పింది. నువ్వు మాత్రం ఒక్కసారీ అనలేదు."

"అంటే ఏం చేసేదానివి?"

"తిట్టుకోవడం మానేసేదాన్ని."

"ఓహో! అందుకేనన్నమాట, ముద్ద ముద్దకీ పొలమారి చచ్చాను."

ఏడుస్తున్న హైమకు నవ్వొస్తుంది. నవ్వితే గుండె మధ్యలో కత్తితో గీసినట్టు నొప్పి. గోడలు ఇంకా దగ్గరకొచ్చేశాయి. సిస్టర్ గుత్తిలోంచి ఒక తాళంచెవి వేరు చేసి పిన్ని వైపు తిరుగుతుంది.

"గార్డియన్‌గారూ, పిల్లను తీసుకెళ్తున్నారా?"

అప్పుడు గుర్తొస్తుంది హైమకు, పోయినవాళ్ళు కల్లో కనపడి రమ్మంటే వెళ్ళకూడదని అత్తగారు పదేపదే చెప్పేది. పిన్ని ముఖంలోకి చూస్తుంది. ఆ చూపును పిన్ని ఇట్టే పట్టేస్తుంది.

"నేను రమ్మన్నానుటే? వచ్చినప్పట్నుంచీ కూర్చోమనే కదా మొత్తుకుంటున్నాను."

రమ్మన్నది తాళాల గుత్తి పట్టుకున్న మనిషి. అయినా గేటు అవతలి గాలి ఎంత బాగుందో! ఒక్కసారి గుండె నిండా పీలిస్తే చాలనిపిస్తుంది, హైమ ఊచల వైపు చేతులు చాస్తుంది. పిన్ని ఆ రెండు మణికట్లూ పట్టుకుంటుంది. ఆ పట్టుకు గాజులు నొక్కుకుంటాయి, విదిలించినా, గింజుకున్నా, చేతి మీద కొరికినా వదలదు.

"వదులు పిన్నీ! నీకు దణ్ణం పెడతాను!"

"తరవాత పెడుదువుగాని." పిన్ని సిస్టర్ కళ్ళలోకి సూటిగా చూస్తుంది. "లేదండీ. తీసుకెళ్ళటం లేదు. పిల్ల ఇక్కడే ఉంటుంది."

సిస్టర్ నవ్వు ఆరిపోతుంది. తాళంచెవి గుత్తిలోకి తిరిగి వెళ్ళిపోతుంది, కారు చప్పుడు దూరమవుతుంది, హైమ గొంతు చించుకుని అరుస్తుంది—

తెల్లటి వెలుతురు. పట్టపగలు. పక్కన ఏదో యంత్రం ఆగకుండా కూస్తోంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఛాతీ నిలువునా పట్టీ. గుండె ఆపరేషన్‌కని మొన్న ఈ హాస్పిటల్లో చేర్చారు తనను. కదలబోతే చేతులు రాలేదు.

"లేచారా అమ్మా?" నర్సు మంచం మీదికి వంగింది. "తెల్లారుజామున భలే భయపెట్టారు, మీరు దక్కుతారనుకోలేదు. గొట్టాలు పీకేసుకుని ఇంటికి పోతానని ఒకటే గొడవ. అందుకే చేతులు కట్టాల్సొచ్చింది, ఏమనుకోకండి. విప్పెయ్యనా?"

హైమవతి తల వంచి చూసుకుంది. రెండు మణికట్లకూ మెత్తటి గాజుగుడ్డ చుట్టి, మంచం ఊచలకు ముడి వేసి ఉంది.

"ఉండనీ తల్లీ," అంది, "ఇంకాసేపు."