మాట చివరి తోక

"మళ్ళీ ఆ ఏడుపుగొట్టు సీరియల్సేనా?" అన్నారు మా ఆయన, నేను కళ్ళద్దాలు తుడుస్తూ ఫోను వంక చూడగానే. షాపులో కస్టమరు ఉన్నాడు. తనతో కలిసి నవ్వడానికి ఎవరైనా దొరికినప్పుడే ఆయనకి ఈ మాట గుర్తొస్తుంది. "మా ఆవిడకి కొరియా పిచ్చండీ. ముక్క అర్థం కాదు, గంటలు గంటలు చూస్తుంది."

ఆ కస్టమరు కళ్ళు పరీక్ష చేసింది నేను. అద్దం అరగదీసి ఫ్రేములో బిగించింది నేను. వెళ్ళేటప్పుడు అతను థాంక్స్ చెప్పింది మాత్రం మా ఆయనకి. పద్దెనిమిదేళ్ళుగా ఈ కళ్ళద్దాల షాపులో నేను చేసేదానికి ఉద్యోగమని పేరు లేదు, జీతమూ లేదు. "షాపులో కాస్త సాయంగా కూర్చుంటుంది" అంటారు అత్తయ్య చుట్టాలతో. పొద్దున పదింటి నుంచి షట్టరు దించేదాకా కాస్త సాయం. మధ్యలో ఇంటికి పరిగెత్తి వంట చేసి రావడం ఆ కాస్తలోకి కూడా రాదు.

ముక్క అర్థం కాదన్నది మాత్రం పచ్చి అబద్ధం. మూడేళ్ళ కిందట గర్భసంచి తీసేశాక ఆరు వారాలు మంచం మీద ఉన్నాను. మా అమ్మాయి తన పాత ఫోనులో ఒక కొరియా సీరియల్ పెట్టిచ్చి కాలేజీకి పోయింది. మొదటిరోజు బొమ్మలు చూశాను. రెండోరోజు కింద నడిచే ఇంగ్లీషు చదివాను. మూడోరోజు నుంచి చెవులు రిక్కించాను. అందులో ఎవరు ఎవరికి ఎదురైనా "అన్నం తిన్నావా" అని అడుగుతున్నారు. వాళ్ళకి అది ఉత్త పలకరింపే. ఆ ఆరు వారాల్లో మా ఇంట్లో నన్నడిగిన ప్రశ్న వేరు. "రేపటికైనా వంట మొదలెట్టగలవా?"

లేచి తిరిగేనాటికి అక్షరాలు పట్టుబడ్డాయి. ఏడాది తిరిగేసరికి మాటలొచ్చాయి. తర్వాత ఫోనులో నాలాంటి ఆడవాళ్ళ గుంపు దొరికింది. ఒక నర్సు, ఒక బస్సు కండక్టరు, రిటైరైన లెక్కల టీచరు. సరదాకి సీరియళ్ళకి తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకునేవాళ్ళం. లెక్కల టీచరు దిద్దేది. "ఏమ్మా, అక్కడ ఆ పిల్ల చచ్చిపోతుంటే ఇంత పొడుగు వాక్యమా? నువ్వు రాసింది చదివేలోపు వాడు రెండో పెళ్ళి కూడా చేసుకుంటాడు" అనేది. నా చేతిలో వాక్యం కురచైందీ, పదును తేలిందీ ఆవిడ తిట్లకే. నాకు చెప్పకుండా నేను రాసినవి మా ఊళ్ళోనే సబ్‌టైటిల్స్ చేసే ఒక కంపెనీకి పంపిందీ ఆవిడే.

కంపెనీ వాళ్ళు ఆదివారం పదకొండింటికి వీడియోలో పరీక్ష పెడతామన్నారు.

"ఆదివారం అన్నయ్యా వాళ్ళొస్తున్నారు కదా భోజనానికి! నీ ఆటలకి ఆ రోజే దొరికిందా?" అన్నారు మా ఆయన.

"ఆ కంపెనీ వాళ్ళనే ఇంకో రోజు పెట్టుకోమను. నువ్వు లేకపోతే వాళ్ళకేం తెల్లారదా?" అన్నారు అత్తయ్య.

ఆదివారం చీకటితోనే లేచి ఎనిమిది మందికి వంట చేశాను. గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి మూతలు వేశాను. పదకొండుకి ఐదు నిమిషాలుండగా మా అమ్మాయి లాప్‌టాప్ తీసుకుని పడకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఒక్కదాన్నే ఉండడానికి ఆ గడియ వేయడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

తెరమీద జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకామె. ఆమే పరీక్షాధికారి. ఒక సీను పంపింది. నేను అంతకుముందే చూసిన సీరియలే. అరవై ఏళ్ళ భార్య చేతిలో పెట్టెతో గుమ్మం దగ్గర నిలబడి భర్తతో రెండు ముక్కలు అంటుంది. నేను రాశాను. "మందులు డ్రాయర్లో ఉన్నాయి. వేసుకో."

ఆమె నొసలు చిట్లించింది. "భర్త కదండీ. 'వేసుకోండి' అనాలి. మనవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది."

అదే క్షణాన తలుపు మీద దబదబా చప్పుడు. "గరిటెలెక్కడ పెట్టావ్?" మా ఆయన గొంతు.

కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాను. ఈ ఉద్యోగం నాకు కావాలి. ఎంతగానంటే, మూడు రోజులుగా అద్దం ముందు నిలబడి మాట్లాడటం ప్రాక్టీసు చేశాను. 'మీరెలా అంటే అలాగే' అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్ళూ అలా అనే కదా నెట్టుకొచ్చాను. కానీ ఆ గుమ్మంలో నిలబడ్డ ఆవిడకి అన్యాయం చేయడానికి నాకు మనసు రాలేదు.

"పదకొండు ఎపిసోడ్లు ఆవిడ ఆయనతో మాట చివర తోక తగిలించే మాట్లాడిందండీ. మన 'అండి' లాంటి తోక. ఆయన మాత్రం ఒక్కసారీ తగిలించడు. ఇక్కడ ఆవిడ దాన్ని తీసేసింది. ఏడవలేదు, అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అదొక్కటే చేసింది. 'వేసుకోండి' అని రాస్తే ఆవిడ ఊరికి వెళ్తున్నట్టుంటుంది. 'వేసుకో' అంటేనే ఆయన్ని వదిలి వెళ్తున్నట్టు. ఎబ్బెట్టుగానే ఉండాలి. ఆయన మొహం చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉందో."

ఆమె సీను మళ్ళీ వేసింది. ఇంకోసారి వేసింది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"దీన్ని ఇప్పటికి ముగ్గురు రాశారు. ఒక్కరూ పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు" అంది. "రేపట్నుంచి ఆఫీసుకి రాగలరా? రాయడానికే కాదు, మిగతావాళ్ళు రాసింది దిద్దాలి."

"వస్తాను" అన్నాను. ఇంట్లో అడిగి చెప్తాననే మాట గొంతుదాకా కూడా రాలేదు. అది రాలేదని లాప్‌టాప్ మూశాక గాని గమనించలేదు.

గడియ తీసి బయటికొచ్చాను. అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. మూతలు కూడా తీయలేదు, వడ్డించేదాని కోసం చూస్తున్నారు.

"ఏమ్మా, ఉద్యోగమటగా?" అన్నారు బావగారు, పిల్లల్ని అడిగినట్టు.

"వచ్చింది బావగారూ. రేపట్నుంచి."

మా ఆయన నవ్వబోయి, కలిసి నవ్వే మొహం కోసం చుట్టూ చూశారు. అత్తయ్య నన్నే చూస్తున్నారు. "రేపట్నుంచా? మరి షాపులో ఎవరు కూర్చుంటారు?" అన్నారాయన.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూత తీసి నా కంచంలో అన్నం పెట్టుకున్నాను. ఆకలి దంచేస్తోంది.

"మనిషిని పెట్టుకో" అన్నాను.